ఎవరూ ముందు పెట్టని ఫోను

పెద్ద వరదకి వంతెన కొట్టుకుపోయిన తర్వాత రెండో ఏడు అది. ఆ ఏడే నన్ను పలకరింపు సంఘం కమిటీలో వేసుకున్నారు.

నేను కూపీలు లాగి బతికినవాణ్ని. తప్పిపోయినవాళ్లని, పారిపోయినవాళ్లని వెతికి పెట్టడం నా పని. బడికి వెళ్లింది మూడేళ్లు. అందరూ కూపీ తాత అంటారు. మాట తక్కువ మనిషిని, పలకరించే సంఘంలో నాకేం పని అని అడిగాను.

"మాట్లాడేవాళ్లు కమిటీ నిండా ఉన్నారు. వినేవాడు ఒక్కడు కావాలి" అంది టీచరమ్మ. సంఘానికి అధ్యక్షురాలు ఆవిడే. దాన్ని పెట్టిందీ ఆవిడే.

కొత్త మెంబర్లకి పని చూపించే రోజుకి ఇద్దరం వచ్చాం. రెండోవాడు మీసాల ఇనస్పెక్టరు. రిటైరయ్యాడు గానీ మీసాలు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు మూసేసిన కేసు ఒకటి నేను తెరిచాను. ఆ సంగతి ఇద్దరం ఎత్తుకోలేదు. కుర్చీలు మాత్రం దూరంగా వేసుకున్నాం.

టీచరమ్మ ఆలస్యంగా వచ్చింది. వస్తూనే నుదురు తుడుచుకుని గోడ దగ్గర నిలబడింది. గోడ మీద పెద్ద చెక్క పలక, దాని నిండా మేకులు. ఒక్కో మేకుకి ఒక చెక్కబిళ్ల, ఒక తాళంచెవి. బిళ్లకి ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు.

"ఒక్కో బిళ్ల ఒక్కో మనిషి" అంది. "ఇంట్లో ఇంకెవరూ లేనివాళ్లు. రాత్రి ఆఫీసు మూసేముందు అన్నీ ఎరుపు చేసి వెళ్తాం. పొద్దున ఈ అమ్మాయి వరసగా అందరికీ ఫోను చేస్తుంది. పలికినవాళ్ల బిళ్ల తెల్లగా తిప్పుతుంది. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే తాళంచెవి తీసుకుని ఇద్దరు వెళ్లి తలుపు తీస్తారు. ఇద్దరంటే ఇద్దరే. ఒక్కరే ఎప్పుడూ వెళ్లకూడదు. కమిటీ మెంబరైనా సరే."

ఫోను బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తల ఊపింది. పాతికేళ్లుంటాయి. అందరూ ఫోనమ్మాయి అంటారు.

"మెంబరుకి అధికారాలేమిటి?" అన్నాడు ఇనస్పెక్టరు.

"అధికారాలేం లేవు బాబూ. అమ్మాయి మీద అరవకూడదు, తన పని మీరు చెయ్యకూడదు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో మనకి తెలుస్తుంది. అది వాళ్ల పరువు."

"మరి మేం చేసేదేమిటి?"

"ముందు ఒక పూట కూర్చుని వినండి. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి." ఆవిడ గొంతు తగ్గించింది. "ఫోను మనం ముందు పెట్టకూడదు. అవతలివాళ్లు పెట్టాకే మనం పెట్టాలి. రోజు మొత్తానికి వాళ్లకి వినబడే మనిషి గొంతు మనదొక్కటే కావచ్చు. అది టక్కున తెగిపోవడం వాళ్లు వినకూడదు. ఈ బల్ల దగ్గర నేను పదిహేనేళ్లు ఒక్కదాన్నే కూర్చున్నాను. ఒక్కసారి కూడా ముందు పెట్టలేదు."

అమ్మాయి నవ్వింది. "టీచరమ్మ ఇంట్లో కూడా అంతేనంట. కరెంటాఫీసుకి ఫోను చేసినా వాళ్లు పెట్టేదాకా పట్టుకునే ఉంటుంది."

టీచరమ్మ కూడా నవ్వింది. అప్పుడే తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. చెప్పులనిండా బస్టాండు దుమ్ము.

"మిషనమ్మ చెల్లెల్ని" అంది. "మా అక్క ఏదండీ?"

మిషనమ్మ అంటే బట్టలు కుట్టే మనిషి. సంఘానికి పాత మనిషి. ఆవిడ బిళ్ల రెండో వరసలో ఉంది. తెల్లగా ఉంది.

"ఇంట్లో ఉన్నారుగా" అంది ఫోనమ్మాయి. "పొద్దున్నే మాట్లాడాను."

"ఇంటికి తాళమేసి ఉందమ్మా. ఇప్పుడే చూసి వస్తున్నా. పోయిన ఆదివారం నా కూతురికి నొప్పులొచ్చాయి. రమ్మని కబురు పెడితే బయల్దేరుతున్నా అంది. రాలేదు. మధ్యాహ్నాలు ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తే దిక్కు లేదు. ఏదో అర్జంటు కుట్టు పనై ఆగిపోయిందనుకున్నా. పసిగుడ్డుతో నేనూ కదల్లేకపోయా."

"ఆదివారం తర్వాత రోజూ మాట్లాడానండీ. ఈ పొద్దున కూడా."

"తాళమేసిన ఇంట్లో ఎవరితో మాట్లాడావు?"

అమ్మాయి బిళ్ల వైపు చూసింది. టీచరమ్మ గోడ పట్టుకుంది. నేను ఆవిణ్ని చూశాను. భయపడిందనుకున్నాను. భయపడాల్సిన సంగతే కదా అనుకుని వదిలేశాను.

ఇనస్పెక్టరు లేచాడు. కుర్చీ కూడా ఆయనతోపాటు నిలబడ్డట్టు అయింది.

"గోడలకి చెవులుంటాయని విన్నాను. నోరు కూడా ఉంటుందని ఇవాళే తెలిసింది" అన్నాడు. పలక దగ్గరికి వెళ్లి మిషనమ్మ బిళ్ల కింద చూశాడు. తాళంచెవి అక్కడే వేలాడుతోంది. "తాళంచెవి ఇక్కడుంది. తాళం అక్కడుంది. లోపలికి ఎవరూ వెళ్లలేదు. అంటే ఫోను ఎవరూ ఎత్తలేదు. అంటే నువ్వు చెయ్యనే లేదు. కూర్చున్న చోటు నుంచి బిళ్లలు తిప్పుకుంటూ పోయావు. అవునా?"

"లేదండీ."

"ఆవిడ ఆదివారం నుంచి కనబడటం లేదు. నువ్వు ఎరుపు ఉంచి ఉంటే సోమవారమే వెతికేవాళ్లు. ఆవిడకి ఏదైనా అయితే అది నీ మీదే ఉంటుంది. సాయంత్రంలోగా నిజం చెప్పు. చెప్పకపోతే స్టేషనుకి నేనే తీసుకెళ్తాను."

"అరవకూడదన్నారుగా" అన్నాను.

"అరవలేదు. నా గొంతే అంత."

"ఇల్లు చూద్దాం."

"చూడ్డానికేముంది?"

 టీచరమ్మ వైపు చెయ్యి చాపాను. ఆవిడ మేకు మీంచి తాళంచెవి తీసి ఇచ్చింది. చెయ్యి చల్లగా ఉంది.

"ఇద్దరు వెళ్లండి" అంది. మాట అలవాటుగా వచ్చింది.

ఇల్లంటే ఒకే గది, వెనక చిన్న వంటిల్లు. తలుపుకి కప్ప తాళం. గీత లేదు, గీరు లేదు. తాళంచెవి తిప్పగానే ఊడింది. మా వెంట వచ్చిన చెల్లెలు ముందు లోపలికి వెళ్లబోతే ఇనస్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. శవం ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఆమె కూడా అనుకుంది. గుమ్మంలోనే కూలబడింది.

శవం లేదు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. కిటికీ దగ్గర కుట్టు మిషను, దాని మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ మీద వేలు రాస్తే దుమ్ము అంటింది. చాలా రోజుల దుమ్ము.

"రోజూ కుట్టే మిషను మీద దుమ్మా" అంది చెల్లెలు గుమ్మంలోంచే. "పాదం ఆగితే ప్రాణం ఆగినట్టుంటుంది అనేది అక్క."

"ప్రయాణం సంచి ఉందా?"

ఆమె లేచి మంచం కింద చూసింది. తలుపు వెనక మేకు చూసింది. "సంచి లేదు. మంచి చెప్పులూ లేవు."

"అంటే ఊరికి బయల్దేరింది" అన్నాడు ఇనస్పెక్టరు. "దారిలో ఏదో అయింది. చుట్టు తిరిగే బస్సేగా ఎక్కేది?"

"బస్సే. అక్కకి నీళ్లంటే హడలు. వంతెన పోయాక బల్లకట్టు ముఖం కూడా చూడలేదు."

"అయితే బస్ డిపోలో అడిగిస్తాను. మన పని అయిపోయింది. పద."

నా పని అవలేదు. నేను ఫోను దగ్గరికి వెళ్లాను. అది గోడవార పొట్టి బల్ల మీద ఉంది. ఫోను మీద దుమ్ము లేదు. బల్ల మీదా లేదు. దాని ముందు కుర్చీ వేసి ఉంది. కుర్చీ మీద ఒక దిండు. ఎవరో తీరుబడిగా కూర్చునేలా సర్దుకున్నారు. వంటింట్లో ఒక్క గ్లాసు కడిగి బోర్లించి ఉంది. దాని కింద ఇంకా తడి. కిటికీలో డబ్బాలో పూలమొక్క ఉంది. మట్టిలో వేలు గుచ్చాను. తడిగా ఉంది.

"ఈ పొద్దున ఇక్కడ మనిషి ఉన్నాడు" అన్నాను.

ఇనస్పెక్టరు డబ్బాలోకి చూశాడు. "వాన జల్లు."

"వాన పడి ఎన్నాళ్లయింది?"

"ఏమయ్యా కూపీ, నీకు మొక్కలు తెలుసేమో. నాకు మనుషులు తెలుసు. ముప్పై ఏళ్లు చూశాను. ఆ పిల్ల అబద్ధం చెబుతోంది. నేను మూసిన కేసులో వేలు పెట్టి పేరు తెచ్చుకుందామని చూస్తున్నావు. ఈసారి కుదరదు."

"పేరు నాకు వయసులో ఉన్నప్పుడే రాలేదు. ఇప్పుడెందుకు?"

"మరేంటి నీ బాధ?"

"తాళం పగలలేదు. సంఘం తాళంచెవి మేకుకే ఉంది. ఇంకొకటి మిషనమ్మ చేతిలో ఉండాలి. ఊరెళ్లే మనిషి మొక్క ఎండకుండా ఏం చేస్తుంది?"

 చెల్లెలు అందుకుంది. "నమ్మినవాళ్లకి తాళంచెవి ఇచ్చి నీళ్లు పొయ్యమంటుంది."

"ఎవరికి ఇస్తుంది?"

"ఏమో బాబాయ్. అక్కకి ఇక్కడ ఎవరున్నారు? ఆ ఫోను తప్ప."

తిరిగి వస్తుంటే ఆ మాటే చెవిలో ఉంది. దొంగ మొక్కకి నీళ్లు పొయ్యడు. తాగిన గ్లాసు కడగడు. ఇది ఆ ఇంటిని ప్రేమగా చూసుకునే మనిషి. కానీ ఆ మనిషి మిషనమ్మ పేరు మీద పలికాడు. ఆ పలుకు వల్లే మిషనమ్మని ఎవరూ వెతకలేదు. ఆవిడ ఎక్కడో పడి ఉంటే, ఇన్ని రోజులు పడే ఉంది.

ఫోనమ్మాయి బల్ల దగ్గరే ఉంది. ముఖం కడుక్కుంది గానీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. టీచరమ్మ లోపలి గదిలో ఉందట. తలనొప్పి అట. ఇనస్పెక్టరు గడియారం చూసుకుని వాకిట్లోకి వెళ్లాడు. చెల్లెలు బెంచీ మీద కూర్చుంది.

నేను అమ్మాయి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.

"నువ్వు ఫోను చేశావు. ఎవరో ఎత్తారు. నేను నమ్ముతున్నాను" అన్నాను.

అమ్మాయి తలెత్తింది. "మీరొక్కరే తాతా."

"ఏం మాట్లాడారో చెప్పు. ముక్క వదలకుండా."

"ఏముంటుంది. రోజూ అడిగేవే. నిద్ర పట్టిందా అమ్మా అన్నాను. పట్టింది అంది. మందులు వేసుకున్నారా అంటే వేసుకున్నానంది. ఏం తిన్నారంటే చెప్పింది."

"గొంతు?"

"బొంగురుగా ఉంది. సోమవారమే అడిగా. జలుబు చేసింది తల్లీ అంది. వేడినీళ్లు తాగమన్నా."

"తల్లీ అందా? మిషనమ్మ నిన్ను అట్లాగే పిలుస్తుందా?"

ఆలోచించింది. "లేదు. ఏమే అంటుంది. 'ఏమే, బతికే ఉన్నాలే, నీ పని చూసుకో' అని. ఈ వారం నెమ్మదిగా మాట్లాడింది. ఒంట్లో బాలేక అనుకున్నా. నా గురించి కూడా అడిగింది. మా అమ్మ కాలు నొప్పి తగ్గిందా అని."

"తర్వాత?"

"ఉంటాను తల్లీ అంది. ఉంటానమ్మా అన్నాను."

"తర్వాత?"

"అంతే."

"ఫోను ఎవరు పెట్టారు?"

అమ్మాయి చెయ్యి తనంతట తను ఫోను మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. ఆ చెయ్యికి గుర్తున్నట్టుంది, మనిషికి ఇప్పుడే గుర్తొస్తోంది.

"ఎవరూ పెట్టలేదు" అంది నెమ్మదిగా. "నేను పెట్టకూడదు కదా. ఆవిడ పెడుతుందని చూశాను. ఆవిడ పెట్టలేదు. ఊపిరి వినబడుతోంది. మళ్లీ ఉంటాను అంది. మళ్లీ ఉంటాను అన్నాను. ఎవరూ పోలేదు. నాకు నవ్వొచ్చింది కూడా. చివరికి అవతల వీధిలో బండి హారన్ మోగింది. అప్పుడు 'ఇక పెట్టేయ్ తల్లీ, మిగతావాళ్లు చూస్తుంటారు' అంది. మొదటిసారి నేనే ముందు పెట్టాను. తప్పు చేశానని ఎవరికీ చెప్పలేదు."

"రోజూ ఇంతేనా?"

"ఈ వారమంతా ఇంతే. అదివరకు మిషనమ్మ టక్కున పెట్టేసేది. నా మాట సగంలో ఉండగానే."

నేను లేచాను. ఇనస్పెక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలీదు.

"ఏం తేలింది?" అన్నాడు.

"ఇంట్లో ఫోను వచ్చినవాళ్లు మాట అయిపోగానే పెట్టేస్తారు. మీరు పెడతారు, నేను పెడతాను. అవతలివాళ్లు పెట్టేదాకా కాచుకుని కూర్చునే జబ్బు ఈ ఒక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే వస్తుంది."

"కూర్చున్నది ఈ పిల్లేగా."

"ఈ పిల్ల ఇటువైపు ఉంది."

ఆయన మీసం మీద చెయ్యి వేశాడు. అక్కడే ఉంచేశాడు. లోపలి గది తలుపు వైపు చూశాడు. "ఛ" అన్నాడు, చాలా మెల్లగా. ఆయన గొంతు అంత చిన్నగా వస్తుందని నాకు తెలీదు.

"కాసేపు ఇక్కడే ఉండండి" అన్నాను. ఆయన ఉన్నాడు.

లోపలి గదిలో టీచరమ్మ చీకట్లో కూర్చుని ఉంది. కిటికీ తలుపులు వేసేసుకుంది. నేను తెరవలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ అడగలేదు. కొందరు అడిగితే చెబుతారు, కొందరు అడక్కపోతే చెబుతారు.

"మీరు కనిపెడతారని తెలుసు" అంది.

"మిషనమ్మ తాళంచెవి మీ దగ్గరుందా?"

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఎర్రదారం కట్టిన తాళంచెవి.

"వెళ్తూ ఇచ్చింది. మొక్కకి నీళ్లు పొయ్యమంది. పొద్దున ఫోను వస్తుంది, నేను ఊళ్లో లేనని ఆఫీసులో చెప్పు అంది. చెబుదామనే అనుకున్నాను. సోమవారం నీళ్లు పోస్తుంటే మోగింది. చేతికి అలవాటు కదా, ఎత్తాను. ఆవిడ లేదమ్మా అని చెప్పబోయాను. ఈలోపే ఆ పిల్ల అడిగింది, నిద్ర పట్టిందా అమ్మా అని."

ఆగింది.

"ఎన్నేళ్లుగానో అందరినీ అడుగుతున్నాను ఆ మాట. నన్ను అడిగినవాళ్లు లేరు. మా ఆయన పోయాక అసలే లేరు. ఆ పలక మీద నాకు బిళ్ల లేదు. అధ్యక్షురాలికి బిళ్లేమిటి? నాకూ ఫోను చెయ్యండర్రా అని ఎట్లా అడుగుతాను?"

"పట్టింది అన్నారు."

"పట్టిందన్నాను. గొంతు మార్చి అన్నాను. మంగళవారం ఇంకెళ్లకూడదనుకున్నాను. తెల్లారకముందే లేచి కూర్చున్నాను. వెళ్లాను. ఆ దిండు ఇంట్లోంచి తీసుకెళ్లాను." ముఖం చేతుల్లో పెట్టుకుంది. "చేసింది తక్కువ పని. కంచే చేను మేసింది."

"ఆ సంగతి తర్వాత. పొద్దున చెల్లెలు వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు? ఆ పిల్లని స్టేషనుకి తీసుకెళ్తానంటుంటే విన్నారు."

"విన్నాను."

"ఎందుకు చెప్పలేదు?"

"నీళ్లలో పోయిందేమోనని."  "ఆవిడ బస్సులో వెళ్లలేదు. ఆ రోజు బస్సు రాలేదు. నొప్పులని కబురొచ్చింది, ఏడుస్తోంది. నేనే బల్లకట్టు ఎక్కమన్నాను. కళ్లు మూసుకుని కూర్చో, పదినిమిషాల్లో అవతల ఉంటావ్ అన్నాను. రేవు దాకా దింపాను. కదిలేదాకా కూడా నిలబడలేదు. ఎండగా ఉందని వచ్చేశాను. అక్క రాలేదని చెల్లెలు పొద్దున అనగానే గోడ పట్టుకున్నాను."

నేను లేచి నిలబడ్డాను. డిపోలో ఎన్నేళ్లు అడిగినా మిషనమ్మ దొరకదు. అందరం తప్పు దారిలో వెతకబోతున్నాం.

"రండి. ఇదే మాట బయట చెప్పండి" అన్నాను.

"మీరు చెప్పండి. నావల్ల కాదు."

"మీరే చెప్పాలి. ఆ పిల్ల వినాలి."

ఆవిడ వచ్చింది. గోడ పట్టుకుని వచ్చి, చెక్క పలక ముందు నిలబడి, అంతా చెప్పింది. బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు తల వంచుకుని చెప్పింది. చెల్లెలు ఆవిణ్ని కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. బల్లకట్టు అనగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫోనమ్మాయి టీచరమ్మనే చూస్తోంది.

"జలుబని చెప్పారుగా. వేడినీళ్లు తాగారా అని నేను రోజూ అడిగాను. అది మిమ్మల్నా అమ్మా అడిగింది?"

"నన్నే తల్లీ."

"మరి నేను అబద్ధం చెబుతున్నానంటుంటే లోపల కూర్చున్నారే."

 అమ్మాయి లేచి మిషనమ్మ బిళ్ల దగ్గరికి వెళ్లింది. దాన్ని ఎర్రగా తిప్పింది. తిప్పి అక్కడే, మాకు వీపు పెట్టి నిలబడింది.

ఇనస్పెక్టరు ఫోను దగ్గరికి వచ్చాడు. అమ్మాయి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే నంబరు తిప్పాడు.

"రేవు చౌకీనా? నేను పాత ఇనస్పెక్టర్ని. అవును, మీసాలే. పోయిన ఆదివారం బల్లకట్టు మీంచి ఎవరైనా పడ్డారా?" విన్నాడు. చెల్లెలు కళ్లు మూసుకుంది. "నీళ్లలో కాదా? సరిగ్గా చెప్పవయ్యా. దిగేటప్పుడా? అవతలి మెట్ల మీద. ముసలావిడ. సంచి?" విన్నాడు. "సంచి ఏట్లో పోయింది. మనిషిని ఎక్కడికి తీసుకెళ్లారు?"

ఫోను టక్కున పెట్టి ఇంకో నంబరు తిప్పాడు. అవతలి ఒడ్డున ఆసుపత్రి. ఈసారి చాలాసేపు పట్టుకుని ఉన్నాడు. వార్డుకి మనిషి వెళ్లి రావాలన్నారట. ఎవరూ కదల్లేదు.

"ఊఁ" అన్నాడు చివరికి. "ఊఁ. పేరు చెప్పలేదా? కుడిచేతి వేలు చూడమనండి. సూది పోట్లున్నాయా?" విన్నాడు. రిసీవరు మీద చెయ్యి కప్పి మా వైపు తిరిగాడు. "ఉంది. తల పగిలింది, తుంటి విరిగింది. ఊపిరుంది. మూడు రోజులు తెలివి లేదట. తర్వాత కూడా మాట సరిగా లేదట. గుర్తు పట్టేవాళ్లు లేక ఊరికే ఉంచారు."

చెల్లెలు నేల మీద కూర్చుని ఏడ్చింది. టీచరమ్మ ఆమె దగ్గరికి ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఆమెని ముట్టుకునే వీలు తనకి లేదని తెలిసినట్టుంది.

"ఆఖరి బల్లకట్టు వెళ్లిపోయింది" అన్నాడు ఇనస్పెక్టరు. తర్వాత ఫోనమ్మాయి వీపు వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయీ. నేనన్నది తప్పు."

"మీరు అరవలేదు లెండి" అంది ఆ పిల్ల, తిరక్కుండానే. "మీ గొంతే అంత."

ఆయన నన్ను చూశాడు. నేను గోడని చూశాను.

మర్నాడు పొద్దున మొదటి బల్లకట్టు మీద చెల్లెలు, నేను ఏరు దాటాం. ఆమెకి కూడా నీళ్లంటే భయమే. నా చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చుంది. దిగేచోట మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి. ఆమెని ముందు దింపి నేను దిగాను.

ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు చివర ఉంది మంచం. తలకి కట్టు, కాలికి బరువు కట్టి ఉంది. చెల్లెలు ఆమె మీద పడి కాసేపు ఏడ్చి, డాక్టరుని కలవడానికి పరిగెత్తింది. నేను మిగిలాను. మిషనమ్మ నన్ను పైకీ కిందకీ చూసింది.

"ఎవరు బాబూ నువ్వు?"

"పలకరింపు సంఘం నుంచి."

"ఇప్పుడా రావడం?" మాట నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. కోపం మాత్రం నిండుగా ఉంది. "ఎత్తకపోతే వస్తామన్నారుగా. నేను ఎత్తలేదుగా. నర్సమ్మకి అదే చెబుతున్నా. నన్నేం అడక్కు, నేను ఫోను ఎత్తలేదు, మా వాళ్లే వస్తారని. రోజూ తలుపు వైపే చూశాను. ఎందుకు రాలేదు?"

అబద్ధం చెప్పవచ్చు. వయసులో ఉన్నప్పుడు ఇంతకంటే చిన్నవాటికే చెప్పాను.

"మీ ఇంట్లో ఫోను ఎత్తారమ్మా. మీ బదులు ఎత్తి, బాగున్నానని చెప్పారు."

"ఎవరు?"

"టీచరమ్మ."

ఆవిడ పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. తిట్టడానికి హక్కుంది.

"ఎందుకని?" అంది.

"ఆవిడకి ఎవరూ ఫోను చెయ్యరట."

 కంటి కొసన నీళ్లు దిగి కట్టులోకి ఇంకాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

"పిచ్చిది" అంది. "నాతో ఒక్క మాట అంటే రోజూ నేనే చేసేదాన్ని కదా. పొద్దంతా మిషను ముందు ఒక్కదాన్నేగా చచ్చేది."

 కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను. గ్లాసులో నీళ్లుంటే చెంచాతో కొంచెం కొంచెం పట్టాను. చెల్లెలు తిరిగి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.